మ్యూజియంలో శిలాజాల తవ్వకం తొట్టె: తరచుగా అడిగే ప్రశ్నలు

సందర్శకులు స్వయంగా బ్రష్షు పట్టుకుని మట్టి తొలగించి ఎముకలను వెలికితీసే ప్రదర్శనను ఏర్పాటు చేయాలనుకునే మ్యూజియం సిబ్బంది, విజ్ఞాన కేంద్రాల నిర్వాహకులు, రూపశిల్పులు ఎక్కువగా అడిగే ప్రశ్నలు ఇవి. కొన్ని జవాబులు పొడవుగా ఉంటాయి. పొరపాటు జరిగితే తర్వాత సరిదిద్దుకోవడం కష్టమైన విషయాలు అవే.

ఇసుకలో నాలుగు ఎముకలు పాతిపెట్టి పిల్లల చేతికి బ్రష్షులిస్తే సరిపోదా?

ఆటకు సరిపోతుంది, పిల్లలు సంతోషిస్తారు కూడా. కానీ అలాంటి తొట్టె నుంచి బయటికొచ్చిన పిల్లవాడిని ఏమి చేశావని అడిగితే "ఎముక దొరికింది" అంటాడు, అంతకు మించి చెప్పడానికి అతని దగ్గర ఏమీ ఉండదు. శిలాజ శాస్త్రవేత్తకు ఎముక దొరకడం పనిలో మొదటి మెట్టు మాత్రమే. ఆ ఎముక ఏ పొరలో ఉంది, ఎటు తిరిగి ఉంది, పక్కన ఏముంది అన్న వివరాల్లోనే అసలు సమాచారం ఉంటుంది. చూడకుండా, రాసుకోకుండా పైకి తీస్తే అది పోయినట్టే.

ఒక ఉదాహరణ. 1923లో మంగోలియాలో అమెరికన్ మ్యూజియం ఆఫ్ నేచురల్ హిస్టరీ బృందానికి గుడ్ల గూటి మీద పడి ఉన్న ఒక డైనోసార్ దొరికింది. ఆ గుడ్లు ప్రోటోసెరటాప్స్ అనే మరో డైనోసార్‌వని అప్పట్లో అనుకున్నారు. వాటిని దొంగిలించబోతూ చనిపోయిందనే అనుమానంతో ఆ జంతువుకు ఓవిరాప్టర్, అంటే గుడ్ల దొంగ, అని పేరు పెట్టారు. సుమారు 70 ఏళ్ల తర్వాత, 1993లో, అదే మంగోలియాలో అదే రకం గుడ్డు లోపల ఓవిరాప్టర్ కుటుంబానికి చెందిన పిండం బయటపడింది. ఆ కుటుంబానికే చెందిన పెద్ద జంతువు గుడ్ల మీద చేతులు చాచి పొదుగుతున్న భంగిమలో ఉన్న శిలాజం కూడా దొరికింది. దొంగగా ముద్రపడిన జంతువు తన గుడ్లనే కాపాడుకుంటూ చనిపోయి ఉంటుందని అప్పుడు అర్థమైంది. ఎముకలు, గుడ్లు ఒకదాని పక్కన ఒకటి ఎలా ఉన్నాయో ఎవరో జాగ్రత్తగా గుర్తించి పెట్టుకోబట్టే ఈ దిద్దుబాటు సాధ్యమైంది.

మీ తొట్టె రూపకల్పన అంతా ఈ ఒక్క విషయం చుట్టూ తిరగాలని నా గట్టి అభిప్రాయం. సందర్శకుడు ఎముకను తీయడానికి కాకుండా అక్కడ ఏమి జరిగిందో కనిపెట్టడానికి తవ్వాలి.

అయితే తొట్టెలో ఏమి పెట్టాలి? ఏ జంతువును ఎంచుకోవాలి?

జంతువు కంటే ముందు సంఘటనను ఎంచుకోండి. వరద ఒక జంతువును కొట్టుకొచ్చి ఒడ్డున పడేసిందా? చనిపోయిన జంతువును మరో జంతువు తిన్నదా? ఎండిపోతున్న చెరువులో చేపలన్నీ ఒకే చోట చిక్కుకున్నాయా? సంఘటన ఏమిటో తేలితే ఆధారాలు వాటంతటవే తేలతాయి.

నీళ్లు కొట్టుకొచ్చిన చోట పొడవైన ఎముకలు ప్రవాహపు దిశను అనుసరించి ఒక వరుసలోకి వస్తాయి, తేలికైనవి దూరంగా పోతాయి. వేగంగా పూడిపోయిన జంతువు అస్థిపంజరం కీళ్లతో సహా కలిసే ఉంటుంది. చాలాకాలం బయట పడి ఉన్నదైతే చెల్లాచెదురవుతుంది, ఎముకల మీద పగుళ్లు కనిపిస్తాయి. మాంసాహారి వచ్చి తిన్నదైతే ఎముకల మీద గాట్లు ఉంటాయి, ఊడిపోయిన పళ్లు ఒకటి రెండు పక్కనే దొరుకుతాయి. డైనోసార్లకు జీవితాంతం పళ్లు రాలి కొత్తవి వస్తూనే ఉండేవి కాబట్టి ఈ చివరి ఆధారం సహజంగానే ఉంటుంది. ఒక మూలన శిలాజంగా మారిన పేడ ముద్ద ఒకటి పెడితే పిల్లలు దాన్ని ఎన్నటికీ మరచిపోరు. అందులో చిన్న ఎముక ముక్కలు కనిపించేలా చేస్తే ఆ జంతువు ఏమి తినేదో వాళ్లే చెబుతారు.

నేను చూసిన ఒక నమూనా తొట్టెలో శాకాహారి పక్కటెముకల మధ్య వేలి పొడవున్న వాడి పన్ను ఒకటి బిగించి ఉంది. ఒక అమ్మాయి దాని చుట్టూ ఇసుక తుడిచి, వెంటనే జరిగి పుర్రె దగ్గరికి వెళ్లింది. దవడలోని చదునైన పళ్లను వేలితో తడిమి చూసి మళ్లీ వెనక్కి వచ్చింది. "ఇది దీని పన్ను కాదు" అంది. ఎవరూ ఏమీ చెప్పలేదు, బోర్డు కూడా చదవలేదు. పన్ను ఉన్న చోటు, దవడ ఉన్న చోటు, రెండిటి మధ్య దూరం, ఈ మూడింటినీ సరిగ్గా అమర్చినవారి పనితనం అది.

టైరనోసారస్, స్టెగోసారస్ రెండూ పిల్లలకు ఇష్టం. ఒకే తొట్టెలో పెట్టవచ్చా?

పెట్టకండి. స్టెగోసారస్ సుమారు 15 కోట్ల ఏళ్ల క్రితం బతికింది. టైరనోసారస్ కాలం 6.8 నుంచి 6.6 కోట్ల ఏళ్ల క్రితం. రెండిటి మధ్య ఎడం 8 కోట్ల ఏళ్లకు పైనే. అంటే టైరనోసారస్ కాలానికి స్టెగోసారస్ కంటే మనమే దగ్గర. రెండూ చూపించాలనుకుంటే రెండు వేర్వేరు పొరల్లో లేదా రెండు తొట్టెల్లో పెట్టి, ఆ ఎడమే చెప్పదలచుకున్న విషయంగా మలచవచ్చు. కుండ పెంకులు, నాణేలు కూడా వేస్తే బాగుంటుందని కొందరు అడుగుతారు. అది పురావస్తు తవ్వకం, మనుషుల కథ. డైనోసార్ ఎముకతో కలిపితే మనుషులు, డైనోసార్లు కలిసి బతికారన్న అపోహను మ్యూజియమే నేర్పినట్టవుతుంది.

నిజమైన శిలాజాలు వాడవచ్చా?

తొట్టెలో వద్దు. రోజూ వందల చేతులు, బ్రష్షులు, ఇసుక రాపిడి పడితే రాయి కూడా అరిగిపోతుంది. పైరైట్ ఖనిజం ఉన్న శిలాజాలైతే గాలిలో తేమ తగిలి లోపలి నుంచే పొడిగా రాలిపోతాయి. తొట్టెలోకి మంచి అచ్చు నమూనాలు వాడండి. అసలు శిలాజం నుంచి సిలికాన్ రబ్బరు అచ్చు తీసి, రెసిన్ లేదా ఫైబర్‌గ్లాస్‌తో పోతపోసినవి గట్టిగా ఉంటాయి, పగుళ్లు, కండరాలు అంటుకున్న గరుకు గుర్తులు కూడా అందులో దిగుతాయి. రంగు విషయంలో జాగ్రత్త. శిలాజాలు తెల్లగా ఉంటాయని అందరూ అనుకుంటారు. చుట్టూ ఉన్న ఖనిజాలను బట్టి అవి గోధుమ, నలుపు, ఇటుక ఎరుపు రంగుల్లో ఉంటాయి. రంగు పైపూతగా వేస్తే త్వరలోనే లేచిపోతుంది, రెసిన్‌లోనే కలిపి పోయించండి.

అయితే నిజమైన శిలాజాన్ని తాకిన అనుభవానికి సాటి లేదు. తొట్టె బయట, సిబ్బంది కనుచూపు మేరలో, రాయిగా మారిన చెట్టు దుంగ ముక్కనో సుడి తిరిగిన గవ్వ లాంటి సముద్రజీవి శిలాజమైన గట్టి అమ్మోనైట్‌నో కదలకుండా బిగించి పెట్టండి. "ఇది నిజమైనది, తాకండి" అని రాయండి. తొట్టెలోవి నమూనాలని కూడా అంతే స్పష్టంగా చెప్పండి. సందర్శకులకు నిజం చెబితే ఉత్సాహం తగ్గుతుందని భయపడేవారున్నారు, నాకు ఎక్కడా అలా కనిపించలేదు.

ఎముకలు చేతికి వచ్చేలా ఉండాలా, బిగించి ఉండాలా?

బిగించి ఉండాలి. చేతికి వచ్చేస్తే మొదటి పది నిమిషాల్లోనే ఎముకలన్నీ తొట్టె గట్టు మీదికి చేరతాయి. తర్వాత వచ్చిన వారికి ఉత్త ఇసుకే మిగులుతుంది, మీరు అంత శ్రమపడి అమర్చిన సంఘటన చెరిగిపోతుంది. తొట్టె అడుగున రాతిపొరలా చెక్కిన గట్టి పలక వేసి, నమూనాలను తుప్పుపట్టని ఉక్కు మరలతో అడుగు నుంచి బిగించండి. ఒక ముక్క విరిగితే దాన్నొక్కదాన్నే విప్పి మార్చగలిగేలా ఉండాలి. అచ్చులు దాచి ఉంచుకోవడం తప్పనిసరి.

ఇలా చేస్తే మరో మేలు కూడా ఉంది. ఒక బృందం వెళ్లాక ఇసుకను దంతెతో వెనక్కి లాగితే చాలు, రెండు నిమిషాల్లో తొట్టె మళ్లీ సిద్ధం. మళ్లీ సిద్ధం చేయడానికి అరగంట పట్టే ప్రదర్శనను సిబ్బంది కొద్దిరోజులకు అలా వదిలేస్తారు. వాళ్లను తప్పుపట్టలేం.

ఏ పదార్థంతో నింపాలి?

అన్నివిధాలా మంచిదంటూ ఏదీ లేదు. దేని ఇబ్బందిని మీరు రోజూ భరించగలరో చూసుకోవాలి.

ఇసుక చూడటానికి, తాకడానికి సహజంగా ఉంటుంది, బ్రష్షుకు చక్కగా లొంగుతుంది. ఎంచుకునేటప్పుడు కడిగి, జల్లెడ పట్టి, ధూళి తీసేసిన గుండ్రటి రేణువుల ఇసుకే తీసుకోండి. నిర్మాణ పనులకు వాడే ఇసుక వద్దు. ఇసుక నుంచి లేచే, పీల్చేంత సన్నగా ఉండే స్ఫటిక సిలికా ధూళిని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1997లోనే క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది. పది నిమిషాలు ఆడుకుని వెళ్లే పిల్లల కంటే రోజంతా ఆ గదిలోనే ఉండి ఇసుక ఎత్తిపోసే మీ ఉద్యోగి గురించి ముందు ఆలోచించాలి. సరఫరా చేసేవారి దగ్గర ధూళి, సిలికా వివరాల పత్రం అడిగి తీసుకోండి. ఇసుకతో రెండో చిక్కు అది తొట్టెలో ఉండకపోవడం. చెప్పులతో నేల మీదికి వస్తుంది, నున్నటి నేల మీద కాళ్లు జారతాయి, లిఫ్టు తలుపు గాడిలో చేరుతుంది, పక్క గదిలోని యంత్రాల్లోకి పోతుంది. తొట్టె నుంచి బయటికి వచ్చే దారిలో కనీసం నాలుగైదు అడుగులు నడిచేంత జాలీ పట్టా వేసి, దాని కింద ఇసుక పడే పళ్లెం పెట్టండి.

పాత టైర్ల రబ్బరు గుళికలు తేలిక, ధూళి తక్కువ. కానీ వాసన వస్తుంది, చేతులకు నలుపు అంటుతుంది, ఎండలో బాగా వేడెక్కుతాయి. పైగా అవి బట్టలతో, బూట్లతో బయటికి పోయి నేలలో, నీటిలో ప్లాస్టిక్ రేణువులుగా మిగిలిపోతాయి. క్రీడా మైదానాల్లో పరిచే ఇలాంటి గుళికలను యూరోపియన్ యూనియన్ 2023 నాటి నిబంధనలతో దశలవారీగా తప్పిస్తోంది. కొత్తగా కట్టే తొట్టెకు నేను వీటిని సిఫారసు చేయను.

పొడి చేసిన వాల్‌నట్ పెంకు తేలికగా, అందంగా ఉంటుంది. గింజల అలెర్జీ ఉన్న పిల్లలకు మాత్రం అది ప్రమాదం, కాబట్టి బహిరంగ ప్రదర్శనలో దాని ఊసే వద్దు. మొక్కజొన్న కంకుల పొడికి తేమ తగిలితే బూజు, పురుగులు పడతాయి. చిన్న పింగాణీ పూసలు, నున్నటి సన్న గులకరాళ్లు కడగడానికి సులువు, ధూళి ఉండదు. అయితే నేల మీద పడితే ఇసుక కంటే ఎక్కువ జారతాయి.

ఎంత లోతు ఉండాలి? నేల ఆ బరువు మోస్తుందా?

బిగించిన ఎముకల మీద 10 నుంచి 15 సెంటీమీటర్ల వదులు పదార్థం చాలు. అంతకంటే లోతైతే చిన్న పిల్లలు ఏమీ కనిపించక విసుగుపడతారు, పెద్దపిల్లలు చేతులతో గోతులు తవ్వేస్తారు. ఒకటి రెండు ఎముకల కొనలు పైకి కాస్త కనిపించేలా ఉంచండి. నిజమైన క్షేత్రంలోనూ చాలావరకు తవ్వకం అలాగే మొదలవుతుంది, నేల కోతకు గురై బయటికి తేలిన ముక్కను ఎవరో చూస్తారు.

బరువు లెక్క చాలామంది చివర్లో వేస్తారు, అది మొదట వేయాల్సింది. 3 మీటర్ల పొడవు, 2 మీటర్ల వెడల్పు ఉన్న తొట్టెలో 15 సెంటీమీటర్ల ఇసుక అంటే 0.9 ఘనపు మీటరు. పొడి ఇసుక ఘనపు మీటరుకు సుమారు 1,600 కిలోలు తూగుతుంది. అంటే మొత్తం దాదాపు 1,440 కిలోలు, చదరపు మీటరుకు 240 కిలోలు. తడిస్తే ఇంకా పెరుగుతుంది. తొట్టె బరువు, అడుగు పలక, చుట్టూ చేరే మనుషుల బరువు దీనికి అదనం. పై అంతస్తులో పెట్టాలనుకుంటే నిర్మాణ ఇంజనీరు రాతపూర్వకంగా ఒప్పుకున్నాకే మిగతా పని మొదలుపెట్టండి.

చక్రాల కుర్చీలో వచ్చేవారు, చూపు లేనివారు ఎలా పాల్గొంటారు?

నేల మీద గుంటగా ఉన్న తొట్టె ఒక్కటే ఉంటే చక్రాల కుర్చీలో వచ్చినవారు పైనుంచి చూడటమే అవుతుంది. కనీసం ఒక భాగాన్ని బల్లలా పైకి లేపండి. పైఅంచు 86 సెంటీమీటర్లకు మించకుండా, కింద మోకాళ్లు పట్టేందుకు సుమారు 70 సెంటీమీటర్ల ఎత్తు, 76 సెంటీమీటర్ల వెడల్పు ఖాళీ ఉండాలి. ఎత్తులో ఉన్న భాగంలో పనికిరాని ఎముకలు పెట్టి, ముఖ్యమైన ఆధారాలన్నీ గుంటలో ఉంచడం అన్యాయం. కథలో కీలకమైన ముక్క ఒకటి అక్కడ కూడా ఉండి తీరాలి.

చూపు లేనివారికి ఈ ప్రదర్శన మ్యూజియంలోని మిగతావాటి కంటే సహజంగానే దగ్గరైనది, ఎందుకంటే ఇక్కడ పనంతా వేళ్లతోనే. గట్టు మీద ఉబ్బెత్తు రేఖలతో తొట్టె పటం, బ్రెయిలీ వివరణ పెడితే తాము ఎక్కడ తవ్వుతున్నామో వారికే తెలుస్తుంది. ఇసుక స్పర్శ భరించలేని పిల్లలుంటారు, వారి కోసం పలుచని చేతితొడుగులు అందుబాటులో ఉంచండి.

ఏ పనిముట్లు ఇవ్వాలి?

మెత్తటి కుచ్చు ఉన్న 5 సెంటీమీటర్ల వెడల్పు బ్రష్షులు, మొనలేని చెక్క పుల్లలు. లోహపు తాపీలు, సుత్తులు వద్దు. బ్రష్షులను తాడుతో కట్టాలనుకుంటే తాడు పొట్టిగా, మెడకు చుట్టుకోలేనంత ఉండాలి. రక్షణ కళ్లద్దాలు ఇస్తే ప్రతి వాడకం తర్వాత తుడవాలి. బ్రష్షులు అనుకున్నదానికంటే త్వరగా అరిగిపోతాయి, మొండి బ్రష్షుతో తవ్వడమంత నిరుత్సాహం మరొకటి లేదు.

గడులు గీయడం, కాగితం మీద నమోదు చేయించడం పిల్లలకు విసుగు పుట్టించదా?

ఆ పనిని హోంవర్కులా ఇస్తే తప్పకుండా విసుగే. పనిముట్టుగా ఇస్తే ఇష్టంగా చేస్తారు. క్షేత్రంలో నేలను సాధారణంగా మీటరు గడులుగా విభజించి, ప్రతి ఎముకకు గడి సంఖ్య, లోతు, దిశ రాసుకుంటారు. మీ తొట్టెకు 50 సెంటీమీటర్ల గడులు సరిపోతాయి. నేల మీద దారాలు కట్టకండి, కాళ్లకు తగులుతాయి. గట్టు మీద ఒకవైపు అక్షరాలు, ఇంకోవైపు అంకెలు చెక్కిస్తే చాలు.

నాకు తెలిసినంతలో బాగా పనిచేసే పద్ధతి ఇది. ఒక్కొక్కరికీ తొట్టె అంచుకు సరిపోయే ఒక పారదర్శక పలక, దాని మీద అదే గడులు. ఎముక కనిపించగానే పలకను ఆ గడిపైకి జరిపి, పైనుంచి కనిపించే రూపాన్ని మైనపు పెన్సిలుతో గీస్తారు. పక్క గడిలో ఉన్నవారు తమ వంతు గీస్తారు. చివరికి పలకలన్నీ వెలుతురు బల్ల (కింది నుంచి దీపం వెలిగే బల్ల) మీద పక్కపక్కన పెడితే అస్థిపంజరం మొత్తం ఒక్కసారిగా కనబడుతుంది. ఎవరి చేతికీ పూర్తిగా అందని జంతువు అందరూ కలిసి గీస్తే తయారవుతుంది. అప్పుడు మీ సహాయకుడు అడగాల్సింది "ఇక్కడ ఏమి జరిగి ఉంటుంది?" అన్న ప్రశ్న మాత్రమే. జవాబు తన దగ్గరుంచుకుని ఓపికపట్టాలి. పిల్లలు వేర్వేరు జవాబులు చెబితే "ఎందుకలా అనుకుంటున్నావు, ఏ గడిలో ఉంది ఆధారం?" అని అడగాలి. ఈ వాదన జరిగే చోటు కోసం తొట్టెకు కేటాయించినంత శ్రద్ధగా స్థలం కేటాయించండి. చాలా మ్యూజియంలు వెలుతురు బల్లను మూలకు నెట్టేస్తాయి, అక్కడే ప్రదర్శన సగం చచ్చిపోతుంది.

నిజమైన తవ్వకం ఇంత తేలికని అనుకోరా?

అనుకుంటారు, అందుకే చెప్పాలి. శిలాజాలు చాలావరకు గట్టి రాతిలో ఉంటాయి. ఎముక చుట్టూ రాయిని తొలిచి, గోనెపట్టను ప్లాస్టర్‌లో ముంచి కట్టులా చుట్టి, ఆ దిమ్మెను ప్రయోగశాలకు తరలిస్తారు. అక్కడ గాలి ఒత్తిడితో నడిచే చిన్న పెన్ను లాంటి ఉలితో, సూక్ష్మదర్శిని కింద, నెలల తరబడి రాయిని తొలగిస్తారు. తొట్టె పక్కనే సగం తెరిచిన ప్లాస్టర్ దిమ్మె నమూనా ఒకటి తాకేందుకు పెట్టండి. దాన్ని ఎత్తి చూడాలని పిల్లలు ప్రయత్నిస్తారు, కదలకపోవడమే వారికి పాఠం.

ఒకేసారి ఎంతమందిని పంపాలి?

గట్టు వెంబడి ఒక్కొక్కరికి 60 సెంటీమీటర్ల చోటు లెక్కేయండి. 3 మీటర్లు, 2 మీటర్ల తొట్టెకు చుట్టుకొలత 10 మీటర్లు, మూలలు తీసేస్తే 12 నుంచి 14 మంది. ఒక్కో బృందానికి 15 నిమిషాలిస్తే గంటకు 50 మంది దాకా. పాఠశాల బృందం వస్తే సగం మంది తవ్వుతుండగా మిగతా సగం వెలుతురు బల్ల దగ్గర ఉండేలా చూడండి.

పసిపిల్లలను అనుమతించవచ్చా?

మూడేళ్ల లోపు పిల్లలు ఏదైనా నోట్లో పెట్టుకుంటారు. 3.2 సెంటీమీటర్ల వ్యాసమున్న గొట్టంలో పట్టే ఏ వస్తువూ వారికి అందకూడదు. వారికి విడిగా పెద్ద ఎముకలతో, వదులు పదార్థం లేకుండా, తడిమే గోడ లాంటిది ఏర్పాటు చేయడం మంచిది.

శుభ్రత ఎలా?

రోజూ మూసేముందు ఇసుకను దంతెతో లాగి, వారానికోసారి జల్లెడ పట్టాలి. ఆరుబయట ఉంటే రాత్రిపూట గట్టి మూత తప్పనిసరి, పిల్లులకు ఇసుక తొట్టె అంటే ఇష్టం. అడుగున నీరు పోయే దారి ఉండాలి. చేతులు కడుక్కునే చోటు బయటికి వచ్చే దారిలోనే ఉండాలి, వెతుక్కోవాల్సి వస్తే ఎవరూ కడుక్కోరు.

ఇంత స్థలం మా దగ్గర లేదు.

60 సెంటీమీటర్ల పొడవు, 40 సెంటీమీటర్ల వెడల్పు పళ్లేలతో బల్ల మీదే చేయవచ్చు. ఒక్కో పళ్లెం ఒక్కో గడి. నాలుగు పళ్లేలు కలిపితే ఒక జంతువు. అన్నీ కలిసే వరకు అది ఏ జంతువో తెలియకుండా అమర్చండి.

నాకు ఇంకా ఇష్టమైన పద్ధతి సూక్ష్మ శిలాజాల ఏరివేత. శాస్త్రవేత్తలు మట్టిని నీటిలో జల్లెడ పట్టి, మిగిలిన ముక్కలను భూతద్దం కింద ఒక్కొక్కటిగా ఏరతారు. తొలినాటి క్షీరదాల గురించి మనకు తెలిసినదాంట్లో చాలా భాగం ఇలా దొరికిన మిల్లీమీటర్ల పళ్ల నుంచే వచ్చింది. ఒక పళ్లెం, ఒక భూతద్దం, సన్నటి బ్రష్షు, పోల్చి చూసుకునేందుకు బొమ్మల పట్టిక ఉంటే సరి. మీ దేశ చట్టాల ప్రకారం సేకరించిన మట్టి దొరికితే ఇక్కడ నిజమైన శిలాజాలే వాడవచ్చు. చేపపన్ను గుర్తుపట్టిన పిల్లవాడు కోట్ల ఏళ్లుగా ఎవరూ చూడనిదాన్ని చూసిన మొదటి మనిషి అవుతాడు.

తయారీకి పంపేముందు ఎలా పరీక్షించాలి?

అట్టపెట్టె, కొంచెం ఇసుక, అట్టతో కత్తిరించిన ఎముకలు చాలు. ఏమీ వివరించకుండా వేర్వేరు వయసుల వారిని తవ్వమని చెప్పి, పక్కన నిలబడి చూడండి. మొదట ఎక్కడ చేయి పెడుతున్నారు, ఎంతసేపటికి తల ఎత్తి పక్కవారి గడిని చూస్తున్నారు, ఏ ఆధారాన్ని ఎవరూ గమనించడం లేదు, తల్లిదండ్రులు ఎక్కడ నిలబడుతున్నారు అన్నవి రాసుకోండి. చివర్లో "బాగుందా?" అని అడగవద్దు, అందరూ బాగుందనే అంటారు. "ఈ జంతువుకు ఏమైంది?" అని అడగండి. సగం మందైనా ఏదో ఒక ఆధారం చూపించి జవాబు చెప్పలేకపోతే ఎముకలను మళ్లీ అమర్చండి. రెసిన్ పోతపోశాక మార్చడం కంటే అట్ట ముక్కను జరపడం ఎంతో సులువు.